టేపు చుట్టిన ఎలక

మీ కార్లకి ఇప్పుడు తాళం చెవి కూడా అక్కర్లేదట. జేబులో ఏదో బిళ్ళ పెట్టుకుని దగ్గరికి వెళ్తే చాలు, బండి మిమ్మల్ని గుర్తుపట్టి దీపాలు వెలిగించి పలకరిస్తుందట. సంతోషం. ఇంట్లో వాళ్ళు ఫోన్లోంచి తలెత్తకపోయినా అదైనా పలకరిస్తోంది. కానీ బొత్తాం నొక్కగానే ఇంజను ఎందుకు లేస్తుందయ్యా అని మీలో ఎవరినైనా అడిగితే, సర్వీస్ సెంటర్ వాళ్ళని అడగండి అంటారు. ఆ సర్వీస్ సెంటర్ వాళ్ళని అడిగితే కంప్యూటర్‌ని అడగాలంటారు. కంప్యూటర్ ఎవరిని అడుగుతుందో నాకు తెలియదు.

నేను భీమవరంలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా బతికి, ఈ మధ్యనే షాపు మూసేసినవాణ్ణి. మా పనిలో రిటైర్మెంటంటే దండలూ శాలువాలూ ఉండవు. బానెట్‌లోకి వంగిన నడుం ఒకరోజు తిరిగి లేవనంటుంది, మర్నాడు షట్టరు లేవదు, అంతే. చివరి రోజుల్లో నేను కార్ల కంటే రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లే ఎక్కువ చూశాను. కారు ఆగిపోతే మనిషి ఆటో ఎక్కుతాడు. ఏరియేటరు ఆగిపోతే రొయ్య ఏమీ ఎక్కలేదు, ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని మా ఊళ్ళో కారు మెకానిక్కు కంటే చెరువు మెకానిక్కుకే మర్యాద ఎక్కువ.

ఆ మర్యాద గురించే చెప్పబోతున్నాను. మా గోదావరి వాళ్ళ మర్యాద గురించి మీరు చాలా విని ఉంటారు. అది ఎంత ప్రమాదకరమైందో ఎవరూ చెప్పి ఉండరు.

షాపు మూయడానికి కొంచెం ముందు, భీమవరం పక్క పల్లెలో చెరువులున్న ఒక పెద్ద ఆసామి నాకోసం స్వయంగా వచ్చారు. ఆయన చెరువుల మీద ఎన్నో మోటార్లు చూశాను కాబట్టి నన్ను ఎరుగుదురు. మనవడి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి అద్దె కారు వద్దట. వాళ్ళ నాన్నగారి నాటి అంబాసిడరు, గుండ్రటి ముక్కుది, మేత గోడౌన్లో టార్పాలిన్ కింద ఉందట. దాన్ని లేపాలట.

“పెయింటింగు మొదలెట్టించేశానండి మేస్త్రిగారూ. ఇంజను పని కూడా అయిపోయింది. వైరింగు మాత్రం తమరి చేతి మీదుగా జరగాలండి” అన్నారు.

“సెల్ఫ్ ఎలా ఉందండి?” అన్నాను.

“అది ఎప్పుడో పోయిందండి. దానికి మొదట్నుంచీ సెల్ఫ్ అచ్చిరాలేదు. హ్యాండిల్ కొట్టుకునేవాళ్ళం. మీకు కుదిరితే చెయ్యండి, లేకపోతే లేదు. పెద్ద పట్టింపేం లేదు.”

పట్టింపు లేదని ఎవరైనా రెండుసార్లు చెబితే అక్కడేదో ఉందని అర్థం. ఆయన టీ తాగేలోపు ఐదారుసార్లు చెప్పారు.

సెల్ఫ్ సంగతి ఇక్కడ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత విసిగించను. ఇంజను తనంతట తాను లేవదు. మొదటిసారి ఎవరో ఒకరు తిప్పాలి. పూర్వం ముందువైపు నుంచి ఇనప హ్యాండిల్ దూర్చి మనిషి తిప్పేవాడు. అది ఒక్కోసారి వెనక్కి తన్నేది, తంతే మణికట్టు విరిగేది. మనిషి బదులు తిప్పే కరెంటు మోటారునే మేం సెల్ఫ్ అంటాం. దానికి బ్యాటరీ నుంచి వేలు లావు కేబులు కావాలి. అంత కరెంటుని డాష్‌బోర్డు మీది బొత్తాం దాకా తేలేం కనక మధ్యలో సోలినాయిడ్ అని ఒక డబ్బా పెట్టారు. బొత్తాం నుంచి ఆ డబ్బాకి ఒక సన్నటి వైరు వెళ్తుంది. పెద్దింటి గుమ్మంలో నౌకరు లాంటిది అది. నౌకరు లోపలికి కబురు చేరవేస్తేనే అయ్యగారు లేస్తారు. లేకపోతే బయట మీరు ఎంత నొక్కినా ఎవరూ పలకరు.

నేను వెళ్ళేసరికి గోడౌన్లో పెయింటరు ఉన్నాడు. నరసాపురం వైపు వాడు, నాకు పాత పరిచయం. పనివాడే. కాకపోతే లోకంలో ఇనుము పుట్టిందే తను రంగు వెయ్యడానికని అతని నమ్మకం. కారు మొత్తం మీగడ రంగు వేస్తున్నాడు. బయటే కాదు, బానెట్ లోపల, బ్యాటరీ పెట్టే చోట, ఎవరి కంటా పడని మూలల్లో కూడా.

“అక్కడెవరు చూస్తారయ్యా?” అన్నాను.

“పైనున్నాయన చూస్తాడు కదండి గురువుగారూ.”

నేను లూథరన్ చర్చికి పోయేవాణ్ణి, ఆయన చూడడని అనలేక పనిముట్ల సంచి విప్పాను.

ఆ రోజే ఆసామిగారి అక్కగారు గోడౌన్‌కి వచ్చారు. జంగారెడ్డిగూడెంలో కాపురం, ఆయిల్ పామ్ తోటలు, భర్త కాలం చేశారు. మేనల్లుడి కొడుకు పెళ్ళి కదాని ముందుగానే వచ్చి దిగారు. తమ్ముడి కంటే రెండేళ్ళు పెద్ద. ఎనభైకి దగ్గర్లో ఉన్నారు, అయినా నడకలో తొందర తగ్గలేదు. ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకొచ్చి కారు పక్కన వేసుకుని కూర్చున్నారు. కాసేపు నా చేతులే చూసి, గొంతు తగ్గించి అన్నారు:

“మేస్త్రిగారూ, ఆ సెల్ఫ్ కాల్చేసింది నేనేనండి. బాగవుతుందంటారా?”

నేను చేస్తున్న పని ఆపాను.

పెళ్ళి కాకముందు ఆవిడ ఆ కారు నడిపారట. వాళ్ళ నాన్నగారు ఊళ్ళో లేనప్పుడు డ్రైవరుని బతిమాలి నేర్చుకున్నారు. నాన్నగారికి తెలిసి కోప్పడలేదు, నవ్వారు. చెరువులు లేని రోజులవి. వరిచేల మధ్య పుంత దారి మీద నడిపించి చూసి, భేషన్నారు కూడా. తర్వాత ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలనడం మొదలెట్టారు. అవి ఆయన చెవిన పడ్డాయో లేదో ఈవిడకి తెలియదు. ఒకరోజు పొద్దున బొత్తాం నొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు.

“ముందు రోజు తొందరగా లేవకపోతే చాలాసేపు నొక్కానండి. నాన్నగారు బానెట్ ఎత్తి చూసి, నొక్కి నొక్కి సెల్ఫ్ కాల్చేశావు తల్లీ, పోన్లే అన్నారు. తిట్టినా బాగుండేది. పోన్లే అన్నారండి.”

“బాగు చేయించలేదాండి?”

“ఆ సామాను ఇక్కడ దొరకదన్నారు. ఇక హ్యాండిలే. హ్యాండిలు ఆడపిల్ల తిప్పలేదు కదా, నువ్వు మానెయ్యి అన్నారు. నేను ఎవరూ చూడకుండా ఒకసారి ప్రయత్నించాను.” కుడిచెయ్యి చాపి చూపించారు. మణికట్టు దగ్గర ఎముక సరిగ్గా అతకలేదు, చెయ్యి కొంచెం పక్కకి తిరిగి ఉంది. “మళ్ళీ అడగలేదండి. అంత ఖరీదైన బండి పాడుచేసి, పైగా చెయ్యి విరగ్గొట్టుకుని, ఇంకే మొహం పెట్టుకుని అడుగుతాను?”

తర్వాత ఒక మాట అడిగారు. ఊరేగింపుకి ముందు, కారు ఒక్కసారి తను లేపి చూడొచ్చా అని. నన్ను అడుగుతున్నారు! వాళ్ళ కారు, వాళ్ళ నాన్నది. ఎలక్ట్రీషియన్ని అనుమతి అడుగుతున్నారు.

“లేపుదురుగానండి” అన్నాను.

మర్నాడు సెల్ఫ్ మోటారు దింపి బల్ల మీద పెట్టి విప్పాను. కాలిన మోటారు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల చుట్టిన తీగ నల్లబడుతుంది, పెచ్చులూడుతుంది, ఎన్నేళ్ళయినా ఒక కమురు వాసన వదలదు. ఇందులో ఆ వాసనే లేదు. తీగ మీద వార్నిష్ మెరుస్తోంది. కార్బన్ బ్రష్షులు అరగనే లేదు. గ్రీజు గడ్డకట్టింది, పళ్ళచక్రం బిగుసుకుంది, కిరసనాయిల్లో నానబెడితే అది కూడా వదులైంది. బ్యాటరీకి తగిలించగానే బల్ల మీంచి ఎగిరి పడబోయింది. కాలిపోయిన మోటారు అంత ఉషారుగా ఉండటం నా సర్వీసులో చూడలేదు.

మరి ఎందుకు లేవలేదు? సోలినాయిడ్ దగ్గర చూశాను. సన్న వైరు బిగించే స్క్రూ ఉంది, వైరు లేదు. వెతికితే స్టీరింగు రాడ్డు వెనక దొరికింది. కొస శుభ్రంగా కత్తిరించి, దానికి నల్లటి గుడ్డ టేపు చుట్టి, వెనక్కి మడిచి, ఎవరికీ కనబడకుండా పురికొసతో కట్టేసి ఉంది. మంచి పనితనం. ఎవరు చేశారో గానీ నా దగ్గరుంటే పనిలో పెట్టుకునేవాణ్ణి.

ఆసామిగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

“ఎలకలు కొరికుంటాయండి” అన్నారు.

“టేపు కూడా చుట్టాయండి.”

“గోడౌన్ ఎలకలండి మరి” అని నవ్వి, లోపలికి కేకేశారు. “మేస్త్రిగారికి ఫలహారం తెండమ్మా!”

మా వైపు పెద్దిళ్ళలో నోరు మూయించాలంటే తిట్టరు, కొట్టరు. పెడతారు. ఆ పూట పెసరట్టు ఉప్మా వచ్చింది. మధ్యాహ్నం నేను మళ్ళీ “ఆ వైరు సంగతి...” అన్నాను. రొయ్యల వేపుడు వచ్చింది. సాయంత్రం “అమ్మగారితో చెబితే...” అనబోతే పూతరేకులొచ్చాయి. ఆఖరికి నాకు అనుమానాలుంటే ఒళ్ళొస్తుందని తెలిసింది. ఇంట్లో మా ఆవిడ అడిగింది, అంత బాగా చూసుకుంటున్నారా అని. చాలా బాగా చూసుకుంటున్నారు, నేను ఏమీ చూడకుండా, అన్నాను.

పెయింటరుకి చెప్పాను. అతను బ్రష్షు ఆపకుండానే, “మనకెందుకండి గురువుగారూ. మనం కారు బాగుచెయ్యడానికొచ్చాం, కుటుంబాన్ని కాదు. తిన్నింటి వాసాలు లెక్కెట్టకూడదండి” అన్నాడు.

నేను లెక్కపెట్టలేదు. వైరింగు చేసుకున్నాను. పాత వైర్లు వేలితో వంచితే పొడైపోయేలా ఉన్నాయి, అన్నీ మార్చాను. చెరువు మీద ఏరియేటరు కేబులు మిగిలింది వాడుకోండి అన్నారు ఆసామిగారు. మా ఊళ్ళో బట్టలారేసే తాడు నుంచి పందిరి కట్టే తీగ దాకా అన్నీ చెరువు దగ్గర మిగిలినవే. సెల్ఫుకి అది చాలదండి అని కొత్తది తెప్పించాను. కొత్త సోలినాయిడ్ వేశాను. సన్న వైరుని మాత్రం అందరికీ కనబడేలా ఎర్రటిది ఎంచి వేశాను. నోటితో అనలేనిది అలా అన్నాననుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

చివరగా ఎర్త్ పట్టీ. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య ఒక రాగి జడ బిగించాలి. సెల్ఫ్ తాగిన కరెంటంతా తిరిగి బ్యాటరీకి ఆ దారినే రావాలి. ఇనుము ఇనుముని తాకాలి గనక ఆ చోట రంగు మొత్తం గీకేసి, తెల్లగా మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి ఇంటికెళ్ళాను.

రోజూ కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దమ్మగారు ఆ సాయంత్రం అడిగారు. “కాలిన మోటారు మార్చేశారాండి?”

“అంతా కొత్తగా ఉందండి” అన్నాను. అబద్ధం కాదు. నిజం చెప్పకుండా ఉండటానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

బండి బయటికి తీసే ముహూర్తం రోజు వచ్చింది. కారుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. బంధువులంతా ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పెద్దమ్మగారు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కుర్చీలో ఉన్నారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు. ఆసామిగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. అక్కగారు అడిగిన మాట ఆయనతో చెప్పానా అంటే చెప్పాను. “తప్పకుండానండి, ఊరేగింపయ్యాక చూద్దాం” అన్నారు. ఆ ‘చూద్దాం’ ఏ రకమో మీకు తెలుసు.

ఆయన చోక్ లాగారు. చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందాలని లాగే మీట అది, డాష్‌బోర్డు నుంచి ఇంజను దాకా ఇనప తీగ వెళ్తుంది. ఆ మీట పట్టుకునే బొత్తాం నొక్కారు.

సోలినాయిడ్ ఠక్కుమంది. మోటారు గేదె మూలిగినట్టు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఆయన గట్టిగా, ఇంకాసేపు నొక్కారు. అప్పుడు చోక్ మీట దగ్గర పొగ వచ్చింది. సన్నగా, ముందు అగరొత్తి పొగలాగే ఉండేసరికి కొందరు దణ్ణం కూడా పెట్టుకున్నారు. ఆసామిగారు “అబ్బా!” అని చెయ్యి విదిలించుకుంటూ బయటికి దూకారు. మీట ప్లాస్టిక్ కరిగి వేలాడుతోంది. పరిగెత్తుకెళ్ళి బ్యాటరీ పీకేశాను.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు పొగ కనబడుతోంది, నిప్పెక్కడో తెలియలేదు. బ్యాటరీ అనుకున్నాను, కాదు. సోలినాయిడ్ అనుకున్నాను, అదీ బాగానే ఉంది. ఇంత సర్వీసు, ఇంతమంది ముందు, చెమటలు పట్టేశాయి. ఫోన్లన్నీ ఇప్పుడు కారుని వదిలి నన్ను తీస్తున్నాయి.

ఆసామిగారు మాత్రం కాలిన వేళ్ళు ఊదుకుంటూ బంధువుల వైపు తిరిగి చక్కగా నవ్వారు.

“చెప్పాను కదండి. నాన్నగారి రోజుల నుంచీ ఇంతే. మా అక్క ఆ రోజుల్లో కాల్చేసిన సెల్ఫు, ఇంకేం బాగవుతుంది? హ్యాండిల్ తెండిరా!”

అందరూ నవ్వారు. ముద్దుగానే నవ్వారు, పెద్దావిడ కదా. ఆవిడ కూడా నవ్వడానికి ప్రయత్నించి, కుడిచెయ్యి పమిట కింద పెట్టేసుకున్నారు. “నిజమేనండి. నా చలవే” అన్నారు.

అక్కడ నాకు పెసరట్టూ పూతరేకులూ అన్నీ ఒక్కసారి అరిగిపోయాయి.

“కాదండి” అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు. “ఆ సెల్ఫ్ ఎప్పుడూ కాలలేదండి. ఇది ఆనాటి మోటారే, నేను కడిగి మళ్ళీ బిగించాను, అంతే. సన్న వైరు కోసి, టేపు చుట్టి, దాచిపెట్టారండి. అయ్యగారు ఎలకలన్నారు గానీ, ఎలకలు టేపు చుట్టవండి. అందుకే లేవలేదు. అమ్మగారు దాన్ని ఏమీ చెయ్యలేదు.”

పంతులుగారు కొబ్బరిచిప్పల్లో ఏదో పోయినట్టు వాటిలోకి చూస్తున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుంది వ్యవహారం. పెద్దమ్మగారు నా వైపు చూశారు, తమ్ముడి వైపు చూశారు. ఆవిడ ముందుగా అడిగిన ప్రశ్న మాత్రం నేను జన్మలో ఊహించనిది.

“మరి ఇప్పుడు చోక్ ఎందుకు కాలిందండి? అందులోకి కరెంటే పోదు కదా?”

ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది. చోక్ తీగలోకి కరెంటు పోదు, నిజమే. వేరే దారి లేకపోతే తప్ప! నేను పట్టుకి, పూలకి, ముహూర్తానికి దణ్ణం పెట్టి, కారు కింద వెల్లకిలా దూరాను. రాగి జడ నేను బిగించిన చోటే ఉంది. దాని కింద నేను మెరిసేలా రుద్దిన ఇనుము మాత్రం లేదు. ప్రైమరు, దాని మీద మీగడ రంగు, అది కూడా రెండు పూతలు, ఆ పైన జడ, బోల్టు చుట్టూ మళ్ళీ రంగు. ఎంత శ్రద్ధ! తిరిగి రావాల్సిన కరెంటుకి రాగి దారి మూసుకుపోయేసరికి, ఇంజనునీ డాష్‌బోర్డునీ కలిపే ఆ సన్న ఇనప తీగ పట్టుకుని వచ్చింది. తీగ ఎర్రగా కాలిపోయింది.

“పెయింటరుగారూ” అన్నాను కారు కిందనుంచే, మర్యాదగా.

అతను వంగి చూశాడు. “మీరు వెళ్ళాక చూశానండి గురువుగారూ. అక్కడ పెద్ద గీత పడిపోయి ఉందండి. మీ చెయ్యి జారిందేమో అనుకున్నాను. చెబితే పెద్దవారు నొచ్చుకుంటారని, బోల్టు విప్పి నేనే సర్దేశానండి.”

చూశారా! ఎదుటివాడి తప్పు కనబడింది. అడగలేదు. అడిగితే బాధపడతాడు. చప్పుడు చేయకుండా పైన ఒక పూత పూసేశాడు. అతన్ని ఏమనాలి? ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా అందరూ చేస్తున్న పనే అతనూ చేశాడు. గరుకు కాగితం అడిగి తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను.

నేను కింద రుద్దుతుండగా పైన కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. తెల్ల పంచె అంచు పట్టుచీర అంచు దగ్గరికి వచ్చి ఆగింది.

“వైరు కోసింది డ్రైవరు. నాన్నగారు కొయ్యమన్నారు” అన్నారు ఆసామిగారు. “టార్చిలైటు నేను పట్టుకున్నానక్కా.”

పట్టుచీర అంచు ఒక అడుగు వెనక్కి జరిగింది.

“నేను కాలేజీలో ఉన్నాను అప్పటికి. నువ్వు మానేస్తే నాకు నేర్పిస్తామన్నారు. తర్వాత నీ చెయ్యి విరిగింది. అప్పుడు చెబుదామనుకున్నాను. నాన్నగారి మాట పోతుందని చెప్పలేదు. ఆయన పోయాక, పోయినాయన మీద ఎందుకని చెప్పలేదు.”

“ఎలకలన్నావటగా?”

“అక్కా...”

“ఎలకలన్నా నయం రా. నీలా టార్చి పట్టవు” అన్నారు ఆవిడ. నేను రుద్దడం ఆపి, మళ్ళీ మొదలెట్టాను. ఆ మాత్రం చప్పుడు అక్కడ అవసరమనిపించింది. “నాన్నగారు పోయిన రోజున కూడా, మీ బండి పాడుచేశాను క్షమించండని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. నువ్వు పక్కనే నిలబడ్డావు.”

దానికి ఆయన దగ్గర ఫలహారం లేదు.

జడ బిగించి బయటికొచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. మరో ముహూర్తం చూడనా అన్నారు పంతులుగారు. పెద్దమ్మగారు, “అక్కర్లేదండి, నాది ఎప్పుడో దాటిపోయింది” అని తనే తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నారు. ఎవరో “లైసెన్సు...” అన్నారు. మన చెరువు గట్టుకి లైసెన్సు ఏంటని ఇంకెవరో అన్నారు. చూస్తే ఆసామిగారే. చోక్ మీట ఎలాగూ కరిగిపోయింది కాబట్టి నేను బానెట్ ఎత్తి, ఆ పని పట్టకారుతో చేశాను.

“నొక్కండమ్మగారూ.”

ఆవిడ వేలు బొత్తాం మీద పెట్టి తీసేశారు. “మరీ ఎక్కువసేపు నొక్కకూడదు కదండి?”

“మీ ఇష్టం వచ్చినంతసేపు నొక్కండి.”

నొక్కారు. ఒక్క తిప్పుకి లేచింది ఇంజను. గోడౌన్ మీది పావురాలు కూడా లేచాయి. బంధువులు చప్పట్లు కొట్టారు, పెయింటరు కళ్ళు తుడుచుకున్నాడు. నా పక్కనే నిలబడి, “గీత కనబడుతుందేమో గురువుగారూ, పోనీ చుట్టూ కొంచెం...” అన్నాడు. నేను చూసిన చూపుకి బ్రష్షు వెనక్కి దాచేశాడు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి.

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆసామిగారు ముందు తలుపు దగ్గరికొచ్చారు. “వెనక ఎక్కు” అన్నారు అక్కగారు. ఆయన కాలిన వేళ్ళకి తడిగుడ్డ చుట్టుకుని బుద్ధిగా వెనక సీట్లో కూర్చున్నారు. చెరువుల మధ్య గట్టు మీద బండి మొదటి గేరులోనే వెళ్ళింది, ఆవిడ రెండో గేరు జోలికి పోలేదు. అటూ ఇటూ ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. మేత వేసేవాళ్ళు పడవలు ఆపి చూశారు. పట్టుచీర, బంతిపూలు, వెనక సీట్లో దిగాలుగా ఓనరు. ఏ కులదైవం ఊరేగింపో తెలియక ఒకడు దణ్ణం కూడా పెట్టాడు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి స్టీరింగు వదలలేదు.

గట్టు చివర ఆపారు. తాళం తిప్పి ఇంజను ఆపేశారు. ఏమైందండి అన్నాను. ఆవిడ బొత్తాం నొక్కారు. లేచింది. చెవి ఒగ్గి విన్నారు, మళ్ళీ ఆపేశారు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ లేచింది. అలా ఎన్నిసార్లు చేశారో నేను లెక్కపెట్టలేదు. చివరికి నాలోని ఎలక్ట్రీషియన్ ఊరుకోలేక నోరు తెరిచాడు.

“అమ్మగారూ, ఆగకుండా అలా నొక్కితే ఈసారి నిజంగానే కాలిపోతుందండి.”

ఆవిడ నా వైపు తిరిగారు. వంకర మణికట్టుతోనే కళ్ళు తుడుచుకున్నారు.

“కాలనివ్వండి మేస్త్రిగారూ. ఇన్నేళ్ళు ఆ మాట పడ్డాను కదా” అని, వేలు మళ్ళీ బొత్తాం మీద పెట్టారు.